చెంబుడు నీళ్ళు

మూతికి గుడ్డ కట్టి గడప పక్కన పెట్టిన మజ్జిగ చెంబు కనబడక తెరేజమ్మ వంటింట్లోకి పోయి చూసింది. చెంబు ఉంది. అందులో మజ్జిగ లేదు. తోడికోడలు లూర్దమ్మ పొయ్యి ముందు గొంతుకూర్చుని చింతపండు పిప్పితో దాన్ని లోపలా బయటా తోముతోంది.

"అక్కా, దాంట్లో మజ్జిగ పోసింటి కదా?"

"సత్తు టిఫినులో పోసినాలే."

"చెంబుకేమొచ్చింది?"

"దీంట్లో మజ్జిగ వద్దు తెరేజా."

"ఎందుకొద్దు? బంగారు పూత పూసినారా? చెంబు చెంబే కదా!"

లూర్దమ్మ దోసెడు నీళ్ళతో చెంబు కడిగి, ఆ నీళ్ళను కూడా పారబోయకుండా పెరటి మిరపచెట్టు మొదట్లో వంచింది.

"నా మొగునికి మజ్జిగ పొయ్యాలన్నా ఈ ఇంట్లో ఒకరి పర్మిషను కావల్ల!" తెరేజమ్మ ఈ మాట వసారాలోకి వినబడేటట్టే అంది.

వసారాలో అత్త చౌరమ్మ వక్కాకు నములుతోంది. "పొద్దున్నే చెంబు పంచాయితీ పెట్టినారా? వానలు లేక జనం అల్లాడతాంటే, వీళ్ళకు చెంబు కావాల్సొచ్చె."

కరువు పనికి బయలుదేరిన జోజప్ప, పార భుజాన వేసుకుని, సత్తు టిఫిను అందుకున్నాడు. "దేంట్లో పోసినా నేను తాగేది మజ్జిగనే కదమ్మే. చెంబు తాగుతానా?" అని నవ్వి వెళ్ళిపోయాడు. మొగుడు తన పక్షాన ఒక్క మాట అననందుకు తెరేజమ్మకు ఒళ్ళు మండింది.

లూర్దమ్మ చెంబును పైటకొంగుతో తుడిచి, మరియమాత పటం కింద ఉన్న పలక మీద బోర్లించింది. రెండు నెలలుగా దాని చోటు అదే.

చీర ఉయ్యాలలో బిడ్డ కదిలింది. తెరేజమ్మ లేచేలోపలే లూర్దమ్మ ఉయ్యాల దగ్గరికి చేరింది. "ఏమమ్మా ఆరోగ్యమ్మా, మీయమ్మ అరుపులకు లేస్తివా?" అంటూ బిడ్డను భుజాన వేసుకుంది. బిడ్డ ఏడుపు వెంటనే ఆగింది. తెరేజమ్మ చూసింది. ప్రతిసారీ ఆ ఏడుపు ఆగే క్షణం కోసమే కాచుకున్నట్టు చూస్తుంది. తన భుజం మీద అంత తొందరగా ఆగదు. పాలు తాగేటప్పుడు కూడా బిడ్డ తల నుంచి లూర్దమ్మ రాసిన ఆముదం వాసనే వస్తుంది.

ఆ పేరు కూడా లూర్దమ్మ పెట్టిందే. ఆడపిల్ల పుడితే తన తల్లి పేరు ఇన్నాసమ్మ అని పెట్టుకోవాలని తెరేజమ్మ తొమ్మిది నెలలూ అనుకుంది. కానీ కాన్పునాడు అత్త మంత్రసాని ఓబమ్మను పిలుచుకు రావడానికి పరిగెత్తిన కొంచెం సేపట్లోనే బిడ్డ లూర్దమ్మ చేతుల్లోకి జారింది. ఏడవలేదు. నల్లగా కమిలి, కాళ్ళు వేలాడేసి ఉంది. లూర్దమ్మ ఈ చెంబుతో నీళ్ళు తెచ్చి తల మీద పోసి, నోటికొచ్చిన పేరు పెట్టి జ్ఞానస్నానం ఇచ్చింది. అప్పుడు ఏడ్చింది బిడ్డ. ఓబమ్మ వచ్చేసరికి ఊరంతా వినబడేటట్టు ఏడుస్తోంది.

అప్పటి నుంచి గుడి దగ్గర, బోరింగు దగ్గర, అందరిదీ ఒకటే మాట: లూర్దమ్మ బతికించిన బిడ్డ. కన్నదెవరో ఎవరూ అడగలేదు.

* * *

బుధవారం పొద్దున బస్సులో ముగ్గురు ఆడవాళ్ళూ బిడ్డను తీసుకుని, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పెద్దదైన విచారణ గుడికి పోయారు. శనివారం రాత్రి, ఈస్టరు ముందు చేసే పాస్క జాగరణలో జ్ఞానస్నానాలు ఉంటాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇంట్లో నీళ్ళు పోసిన బిడ్డలను కూడా ఆ రోజే గుడికి తెమ్మని, నీళ్ళు పోసినవాళ్ళు ముందుగా వచ్చి కలవమని అక్కడి ఫాదరు స్వాములవారు కబురు పంపారు.

బస్సులో బిడ్డ తెరేజమ్మ ఒడిలోనే ఉంది. ఆ రోజు ఎవరికీ ఇవ్వదలచుకోలేదు. శనివారం ఎట్లా ఉండాలో ఆమె మనసులో ఎప్పుడో తీర్చిపెట్టుకుంది. తెల్ల గౌను గుంతకల్లులో ఉన్న అక్క కుట్టించి తెస్తుంది. గుడిలో బిడ్డకు పూచీగా నిలబడే జ్ఞానతల్లి అక్కే. గుడి నిండా జనం. బిడ్డ తన చేతుల్లో. స్వాములవారు నీళ్ళు పోస్తారు. 'ఈ బిడ్డకు ఏ పేరు పెట్టుచున్నారు?' అని తనను అడుగుతారు. తను గట్టిగా చెబుతుంది.

కానీ నీళ్ళు ఒకసారి పడితే రెండోసారి పోయరని ఆమెకు తెలుసు. నూనె రాసి, తెల్లగుడ్డ కప్పి, క్రొవ్వొత్తి వెలిగించి ఇస్తారు, అంతే. ఆ సంగతి కిందటేడు ఈస్టరు ముందటి తపస్సుకాలంలో ఉపదేశి ఇన్నాసప్ప ఆడవాళ్ళందరినీ గుడి అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాడు. స్వాములవారు అందుబాటులో లేనప్పుడు చావు బతుకుల్లో ఉన్న బిడ్డకు ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. నీళ్ళు పోసేదీ మాట చెప్పేదీ ఒకరే కావాలి. నీళ్ళు తల మీద పారాలి. ఉత్త నీళ్ళే కావాలి, గంజి, పాలు, కషాయం పనికిరావు. చెప్పి ఊరుకోకుండా ఒక టెంకాయ తెచ్చి అందరిచేతా దాని మీద నీళ్ళు పోయించాడు. తెరేజమ్మ టెంకాయకు ఇన్నాసప్ప అని పేరు పెట్టి అందరినీ నవ్వించింది. లూర్దమ్మ మాత్రం నవ్వలేదు. తన వంతు అయిపోయినా ఆ టెంకాయను అడిగి తీసుకుని మళ్ళీ పోసింది. "చాల్లే అక్కా, టెంకాయకు చలి పుడతాది," అంది తెరేజమ్మ అప్పుడు.

స్వాములవారు వసారాలో బల్ల వెనక కూర్చున్నారు. కోస్తా నుంచి వచ్చిన పెద్దాయన. బిడ్డ గడ్డం పట్టుకుని పలకరించి, లూర్దమ్మ వైపు తిరిగారు.

"నీళ్ళు పోసింది నువ్వేనా అమ్మా? ఏమని చెప్పి పోశావు?"

లూర్దమ్మ పైట భుజం నిండా కప్పుకుంది. చేతులు కట్టుకుని ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. "ఆరోగ్యమ్మా, పితయొక్కయు, పుత్రునియొక్కయు, పవిత్రాత్మయొక్కయు నామమున నీకు జ్ఞానస్నానము ఇచ్చుచున్నాను."

"మంచిది. ఎట్లాంటి నీళ్ళు?"

"నీళ్ళే స్వామీ."

"మంచినీళ్ళేనా అని."

లూర్దమ్మ నోరు తెరిచి, ఆగిపోయింది. ఆమె కళ్ళు కిందికి వాలాయి. ఎదురుగా లేని గదిని వెదుకుతున్నట్టు నేల మీద అటూ ఇటూ తిరిగాయి.

"తెరేజా పక్కన గంగాళం ఉండె స్వామీ. బాలింత స్నానానికని అత్త వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్ళు. మూలకు తాగే నీళ్ళ కడవ ఉండె. చెంబు ముంచింది గుర్తుండాది. దేంట్లో ముంచితినో..."

"గుర్తు చేసుకో అమ్మా."

"కండ్లు బిడ్డ మీదనే ఉండె స్వామీ. అబద్ధం చెప్పలేను. గుర్తు లేదు."

చౌరమ్మ నుదురు కొట్టుకుంది. "అనుకుంటానే ఉండా స్వామీ. కన్న ఒక్కదాన్నీ మన్నుకిచ్చిన చెయ్యి అది. ఆ చేత్తో పోస్తే నీళ్ళు పట్టునా?"

"పోసిన చెయ్యి ఎవరిదైనా ఒకటేనమ్మా. అట్లాంటి మాటలు అనకూడదు," అన్నారు స్వాములవారు కొంచెం కఠినంగా. "కానీ పసుపూ వేపాకూ కాచిన నీళ్ళయితే అనుమానమే." ఆయన తెరేజమ్మ వైపు చూశారు. "నువ్వు గదిలోనే ఉన్నావు కదా. చూశావా?"

తెరేజమ్మ చూసింది.

కాన్పునాడు గంగాళం ఆమె చేతికి అందేంత దగ్గర ఉంది. లూర్దమ్మ దాన్ని దాటిపోయింది. ఆ వారం బోరింగు చెడిపోయి కడవలో నీళ్ళు అడుగంటి ఉన్నాయి. లూర్దమ్మ చెయ్యి రవిక భుజం దాకా కడవలో దిగింది. చెంబు అంచు మట్టిని గీకిన చప్పుడు తెరేజమ్మ చెవిలో ఇప్పటికీ ఉంది. నీళ్ళు పోసి, బిడ్డ ఏడ్చాక, తడిసిన ఆ రవిక చేతితోనే లూర్దమ్మ ముఖం తుడుచుకుంది.

"నాకు మైకం స్వామీ," అంది తెరేజమ్మ.

ఆ మాట ఎంత సుళువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

స్వాములవారు తల ఊపారు. "అయితే శనివారం నీళ్ళు పోద్దాం. 'ఇంతకు ముందు జ్ఞానస్నానం పొంది ఉండకపోతే' అని చేర్చి పోస్తాను. అనుమానం ఉన్నప్పుడు శ్రీసభ చెప్పేది అదే."

"పేరు స్వామీ?" తెరేజమ్మ గొంతు తగ్గించి అడిగింది. "వేరే పేరు పెట్టుకోవచ్చునా?"

"తల్లిదండ్రుల ఇష్టం."

బిడ్డ తెల్లటి మెడ మీద చెమట తుడుస్తూ తెరేజమ్మ తల వంచుకుంది. నవ్వు దాచుకోవడానికి అదొక్కటే దారి.

* * *

గురువారం ఇంటి ముందు చింతకాయ కుప్ప పోసుకుని ముగ్గురూ కూర్చున్నారు. సావుకారు బండి శనివారం పొద్దునకల్లా వస్తుంది. చౌరమ్మ కట్టెతో కొట్టి పెంకు రాల్చుతోంది. తెరేజమ్మ ఈనెలు లాగుతోంది. లూర్దమ్మ రాతి మీద పండు పెట్టి ఇనుప కడ్డీతో చీల్చి గింజ తీస్తోంది. వేళ్ళ సందుల్లో పులుపు దిగి ఎక్కడ చిన్న గాటున్నా చుర్రుమంటోంది. ఎండకు రాయి కాలి, పండు మెత్తబడి చేతికి అంటుకుంటోంది.

ఉయ్యాలలో బిడ్డ ఏడ్చింది.

తెరేజమ్మ అలవాటు కొద్దీ లూర్దమ్మ వైపు చూసింది. లూర్దమ్మ కడ్డీ ఆగింది. మళ్ళీ గింజ మీద పడింది. ఆమె లేవలేదు.

బిడ్డ గుక్కపట్టింది.

"ఏమే, చెవుడా మీకు?" అంది చౌరమ్మ.

తెరేజమ్మే లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, బిడ్డను ఎత్తుకుంది. చాలాసేపు ఊపితే కానీ ఊరుకోలేదు. ఇదే కదా తను కోరుకున్నది. లూర్దమ్మ అడ్డం లేదు. చెంబు కూడా పలక మీద లేదు. పొద్దున చూస్తే తక్కిన గిన్నెలతో కలిసి గూట్లో ఉంది. మజ్జిగ పోసుకోవచ్చు. ఊరగాయ పెట్టుకోవచ్చు. అయినా జోజప్పకు మజ్జిగ ఆమె ఆ పొద్దు కూడా సత్తు టిఫినులోనే పోసి పంపింది.

మధ్యాహ్నం అత్త కునుకు తీయడానికి లోపలికి పోయాక లూర్దమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"తెరేజా, ఆ పొద్దు బిడ్డ ఊపిరి తీసుకోకుండానే పోయింటే?"

"పోలేదు కదక్కా."

"పోయింటే అంటాండా. నాకు దేంట్లో ముంచితినో కూడా తెల్దు. జ్ఞానస్నానం ఇచ్చినా అనుకుని నేను నిమ్మళంగా కూర్చునింటా. బిడ్డ ఏమో అది లేకుండానే పోయుండు." ఇనుప కడ్డీ రాతి మీద ఊరికే గీకుతోంది. "ఒకదానికి చెయ్యక పోగొట్టుకుంటి. రెండోదానికి చేసి కూడా సరిగ్గా చెయ్యకపోతినా అని."

తెరేజమ్మ చేతిలోని ఈనె తెగింది. ఆమె లూర్దమ్మ నుంచి అలకనో, పుల్లవిరుపు మాటనో ఎదురుచూసింది. వాటికి జవాబులు కూడా సిద్ధం చేసుకుంది. తెగిన ఈనె కోసం పండులో గోరు దించింది.

"శనివారం స్వామి పోస్తారు కదా. ఇంకేం భయం?" అంది చివరికి.

"అది బిడ్డ బతికింది కాబట్టి," అంది లూర్దమ్మ. గింజను దూరంగా విసిరింది.

* * *

పెద్ద శుక్రవారం నాడు ఊరి క్రైస్తవులందరూ, పద్నాలుగు చోట్ల ఆగి జపించే సిలువ మార్గం చేస్తూ గుట్ట పక్క సమాధుల తోట దాకా నడిచారు. పెద్ద సిలువను మగవాళ్ళు వంతుల మీద మోశారు. జోజప్ప అన్న, లూర్దమ్మ మొగుడు రాయప్ప చివరి వంతు తీసుకున్నాడు. నేలంతా ఎర్రగా పగిలి ఉంది. మోకాళ్ళూనిన ప్రతిచోటా చీరలకు దుమ్ము అంటుకుంది. చివరిదైన పద్నాలుగో స్థలం తోట లోపల. ఉపదేశి ఇన్నాసప్ప జపం ఎత్తుకున్నాడు. అందరూ కంచె గవిని తలుపు దాటి లోపలికి పోయారు.

బిడ్డకు ఎండ తగులుతోందని తెరేజమ్మ వెనకబడి, గవిని దగ్గర వేపచెట్టు నీడలో నిలబడింది. అక్కడి నుంచి కంచె బయటి వైపు కనబడుతుంది. అక్కడ లూర్దమ్మ ఉంది.

కంచెకు ఇవతల, ఉత్తరేణి ఎండిపోయిన చోట, చిన్న చిన్న రాళ్ళ కుప్పలు నాలుగైదు ఉన్నాయి. సిలువలు లేవు, పేర్లు లేవు. మేకలు తిరిగి కొన్ని చెదిరిపోయాయి. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసిబిడ్డలను ఒకప్పుడు అక్కడ పెట్టేవాళ్ళని తెరేజమ్మ విని ఉంది. లూర్దమ్మకు ఒక బిడ్డ పుట్టి పోయిందనీ విని ఉంది. ఈ రెండు మాటలనూ ఆమె ఎన్నడూ కలిపి చూసుకోలేదు.

లూర్దమ్మ ఒక కుప్ప ముందు మోకాళ్ళ మీద ఉంది. జారిపోయిన రాయిని తీసి, మట్టి దులిపి, తిరిగి పైన పెట్టింది. అది నిలవలేదు. మళ్ళీ పెట్టింది. లోపల అందరూ పాట అందుకోగానే, ఆమె కూడా అక్కడి నుంచే అందుకుంది. పాట అయ్యాక లేచి, చీరకున్న దుమ్ము దులుపుకుని, జనం బయటికి వచ్చే వేళకు వాళ్ళలో కలిసిపోయింది. ప్రతి ఏడూ అట్లాగే కలుస్తుందేమో. తెరేజమ్మ ప్రతి ఏడూ లోపలే ఉంది.

రాయప్ప గవిని దాటి వస్తూ ఆ కుప్పల వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

ఇంటికి నడిచే దారిలో ఎవరో ముసలామె బిడ్డ బుగ్గ గిల్లి, "ఈమేనా మా లూర్దమ్మ బతికించిన పిల్ల?" అంది. తెరేజమ్మ గుండెలో పాత ముల్లు మళ్ళీ కదిలింది. పోలేదు అది. అక్కడే ఉంది. ముసలామె ఆ మాట తనను చూసి అనివుంటే ఎంత బాగుండేది! ఆ కోరిక సిగ్గుగా తోచింది. అయినా అది పోలేదు. శనివారం తన చేతుల్లో బిడ్డ, గుడి నిండా జనం, గుంతకల్లు నుంచి వచ్చే గౌను, అన్నీ ఇంకా కళ్ళ ముందు ఉన్నాయి. నోరు మూసుకుంటే చాలు. అన్నీ తనవే.

పొద్దు వాలేముందు ఒంటిపూట భోజనానికి అందరూ కూర్చున్నారు. కిలో రెండు రూపాయల బియ్యంతో కాచిన గంజి, చింతకాయ తొక్కు. అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా, చౌరమ్మ గోడకు ఆనుకుని. తెరేజమ్మ ఒడిలో బిడ్డ. లూర్దమ్మ వడ్డిస్తోంది.

"రేపు మీయక్క ఏ బస్సుకొస్తాది?" అని జోజప్ప అడిగాడు. "గౌను తెస్తాదా, మరిచిపోతాదా?"

"తెస్తాది."

"పేరు ఇన్నాసమ్మే కదా? ఉపదేశి అడిగినాడు."

లూర్దమ్మ గరిటె గంజిలో దిగి, నిండి, పైకి వచ్చింది. రాయప్ప గిన్నెలో పోసింది. ఒక్క చుక్క కూడా పక్కన పడలేదు.

తెరేజమ్మ తన గిన్నె కింద పెట్టింది. "మంచినీళ్ళే," అంది.

"ఏమి మంచినీళ్ళు?" అన్నాడు జోజప్ప. "దప్పికా?"

"ఆ పొద్దు అక్క పోసింది కడవలో నీళ్ళే. నేను చూసినా. చెయ్యి ఈడికి దిగింది." తన భుజం మీద వేలు పెట్టి చూపించింది. "అడుగు గీకి తెచ్చింది. గంగాళం ముట్టనే లేదు."

లూర్దమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆమె ఎడమచెయ్యి మెల్లగా లేచి కుడి భుజాన్ని తడిమింది, అక్కడ రవిక ఇంకా తడిగా ఉందేమో చూస్తున్నట్టు.

"మైకమంటివే స్వామితో!" అంది చౌరమ్మ.

"లేదు. తెలిసే అట్ల చెప్పినా."

"స్వామితోనే అబద్ధమా? పెద్ద శుక్రవారం పూట ఏం మాటలే ఇవి!"

"రేపు పొద్దున్నే పోయి ఆయన కాళ్ళ దగ్గర చెప్పుకుంటా. మీరెవరూ రావద్దు."

రాయప్ప తాగుతున్న గంజి ఆపాడు. లూర్దమ్మ ముఖంలోకి చూసి, తల వంచుకుని, తిరిగి తాగసాగాడు. గిన్నె పట్టుకున్న చేతులు మాత్రం రెండయ్యాయి.

"అయితే రేపు నీళ్ళు పొయ్యరా?" జోజప్పకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. "అంత దూరం పోయేదెందుకు మరి?"

"నూనె పూస్తారు. గుడ్డ కప్పుతారు. నీళ్ళు ఎప్పుడో పడినాయి." తెరేజమ్మ లూర్దమ్మ వైపు చూడలేదు. ఆ ముఖంలో వెలుగు చూసి ఓర్చుకునేంత మంచితనం తనకు ఇంకా రాలేదని ఆమెకు తెలుసు. బిడ్డ కాళ్ళ మీది గుడ్డ సర్దుతూ చెప్పింది. "పేరు ఆరోగ్యమ్మే. పెట్టిన పేరు పెట్టినట్లే ఉండనీ. జ్ఞానతల్లి లూర్దమ్మక్క. గుడిలో బిడ్డను ఆమే ఎత్తుకుంటాది."

"మీయక్క గౌను కుట్టించుకోని అంత దూరం నుంచి వస్తాంటే!" చౌరమ్మ గొంతు లేచింది. "కన్నతల్లివి, నువ్వేం చేస్తావు మరి? ఉత్త చేతులతో నిలబడుకుంటావా?"

తెరేజమ్మ గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"నేను క్రొవ్వొత్తి పట్టుకుంటా," అంది.